పుర్రెకు కొలిచి వేసే అతుకు

మా కలిదిండి చేపల చెరువుల ఊరు. గట్టుకు గండి పడితే లోతెంత, వెడల్పెంత అని చూడకుండా మట్టి పోసేవాణ్ణి మావాళ్లు పనిమంతుడనరు. మనిషి పుర్రెకు గండి పడినప్పుడు కూడా కొలతే ముఖ్యం. ఇంజనీరింగు విద్యార్థిగా నన్ను ఆకర్షించిన ఆ పద్ధతిని మిత్రులకు పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పుర్రెకు గండి ఏమిటంటారా? మోటారు సైకిలు మీంచి పడి తలకు గట్టి దెబ్బ తగిలితే మెదడు వాస్తుంది. పుర్రెలో ఆ వాపుకు చోటుండదు. ప్రాణం నిలపడానికి సర్జన్ ఒక ఎముక ముక్కను తీసివేస్తాడు. దాన్ని డీప్ ఫ్రీజర్‌లోనో, రోగి పొట్ట చర్మం కిందనో దాచి, వాపు తగ్గాక తిరిగి అమర్చుతారు. ఆ ఎముక నుజ్జయినా, చీము పట్టినా కొత్త అతుకు కావాలి.

పూర్వం ఆపరేషన్ బల్ల దగ్గరే ఎముక సిమెంటు కలిపి చేత్తో మలిచేవారు. అది గట్టిపడేటప్పుడు బాగా వేడెక్కుతుంది. కిందనే మెదడు! పైగా నుదుటి వంపు చేతి అంచనాకు సరిగా అందదు.

1971లో హౌన్స్‌ఫీల్డ్ రూపొందించిన సి.టి. స్కానరుతో తొలిసారి ఒక రోగి మెదడును చూశారు. 1984లో చార్లెస్ హల్ వస్తువును పొర మీద పొరగా తయారుచేసే పద్ధతికి పేటెంటు కోరాడు. ఈ రెంటి కలయికే నేటి పద్ధతి. స్కానరు తీసిన పలుచని పొరల చిత్రాలను పేర్చి కంప్యూటరు పుర్రె రూపం కడుతుంది. ఎడమవైపు ఎముక పోతే, కుడివైపును అద్దంలో నీడలా తిప్పి అక్కడ ఉంచుతారు. తక్కువైన భాగమే అతుకు ఆకారం. దాన్ని టైటానియంతో తయారుచేయవచ్చు. అంత ఖర్చు పెట్టలేనివారికి చౌక ప్రింటరుతో మూస తీసి, అందులో ఎముక సిమెంటు నింపుతారు. వేడి మూసలోనే చల్లారుతుంది.

నోటి కాన్సరుకు దవడ తీసేసినప్పుడు కాలి సన్న ఎముకతో కొత్త దవడ కడతారు. ఎక్కడ, ఏ కోణంలో కోయాలో చూపే పరికరం కూడా ముందే తయారవుతుంది.

అయితే నుదురు నడుమ రెండువైపులా ఎముక పోతే అద్దం పనిచేయదు. ఏ ముఖమూ రెండువైపులా అచ్చంగా ఒకేలా ఉండదు కూడా. అక్కడ సర్జన్ అనుభవమే దిక్కు. కంప్యూటరు కొలత ఇస్తుంది, నిర్ణయం మనిషిదే.

విశాఖలో 2018లో ప్రారంభమైన మెడ్‌టెక్ జోన్‌లో ఇలాంటి ప్రింటింగ్ సౌకర్యం ఉంది. వైద్య, ఇంజనీరింగు విద్యార్థులు చేతులు కలిపితే ఈ వైద్యం పేదవాడికీ అందుతుంది. అంతదాకా ఒక్క మాట: కైకలూరు రోడ్డెక్కేముందు హెల్మెట్ పెట్టుకోండి. దేవుడిచ్చిన పుర్రెకు మించిన అతుకు ఇంకా రాలేదు.