పెద్ద పరుగుకు ముందు చిన్న పందేలు

ప్రశ్న: మాది తాడేపల్లిగూడెం. వయసు 43. రెండేళ్లుగా తెల్లవారుజామున పాత విమానాల రన్‌వే మీద పరుగెత్తుతున్నాను. డిసెంబరులో విశాఖ నేవీ మారథాన్‌లో 42 కిలోమీటర్లు పరుగెత్తాలని ఉంది. ఈలోగా వచ్చే 5కె, 10కె, హాఫ్ మారథాన్ పరుగులన్నింటికీ మిత్రులు రమ్మంటున్నారు. వెళ్తే శిక్షణ దెబ్బతింటుందా? పది కిలోమీటర్లకు గంట పడుతోంది.

జవాబు: వెళ్లవచ్చు, వెళ్లడం మంచిది కూడా. అన్నింటికీ మాత్రం వద్దు. మారథాన్ లోపు ఒళ్లు దాచుకోకుండా పరుగెత్తే పందేలు రెండు చాలు: ఒక హాఫ్, ఒక 10కె. మిగతావాటికి మిత్రుల కోసం వెళ్లినా, పక్కవాళ్లతో మాట్లాడగలిగే వేగం దాటకూడదు.

10కె వల్ల ఏం లాభం? మనిషి సుమారు గంటసేపు నిలుపుకోగలిగే వేగం ఒకటుంటుంది. అది దాటితే రక్తంలో లాక్టేటు తొందరగా పేరుకుంటుంది, ఊపిరి అందదు. ఆ అంచున పరుగెత్తడం అలవాటైన కొద్దీ మారథాన్ వేగం తేలికగా అనిపిస్తుంది. పదికి గంట పట్టేవారికి 10కె పందెం సరిగ్గా ఆ అంచు మీద సాగుతుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలం నాటి ఆ రన్‌వే మీద ఒంటరిగా గంటసేపు అంత గట్టిగా పరుగెత్తడం ఎవరికైనా కష్టమే. చుట్టూ జనం ఉంటే ఆ కష్టం సగం తగ్గుతుంది.

రెండో లాభం అంచనా. అమెరికన్ ఇంజినీరు పీట్ రీగెల్ 1977లో ఒక సూత్రం ఇచ్చాడు. దాని ప్రకారం పదికి గంట పట్టేవారికి హాఫ్‌కు 2 గంటల 12 నిమిషాలు, మారథాన్‌కు 4 గంటల 36 నిమిషాలు పట్టాలి. హాఫ్ లెక్క చాలామందికి ఇంచుమించు కుదురుతుంది. మారథాన్ లెక్కే నమ్మడానికి లేదు. ముప్పై కిలోమీటర్లు దాటేసరికి కండరాల్లో దాచుకున్న గ్లైకోజెన్ అడుగంటుతుంది. వారానికి తగినన్ని కిలోమీటర్లు పరుగెత్తనివారు అక్కడే నడకలో పడతారు. తొలి మారథాన్‌కు ఐదు గంటలు అనుకుని బయలుదేరడమే క్షేమం.

హాఫ్ కోసం హైదరాబాద్ వెళ్లడం మంచి ఆలోచన. 2025లో అక్కడి పరుగు ఆగస్టు 24న, విశాఖ నేవీ మారథాన్ డిసెంబరు 14న జరిగాయి. మధ్యలో పదహారు వారాలు, అంటే పూర్తి శిక్షణకు సరిపడా సమయం ఉంది. అయితే ఒక సంగతి ముందే తెలిసి ఉండాలి. గూడెం, ఏలూరు ప్రాంతంలో నేల బల్లపరుపు. కాలవ గట్టో, ఫ్లైఓవరో తప్ప ఎత్తు అనేది కాళ్లకు తెలియదు. హైదరాబాద్ పరుగు నిండా ఎత్తుపల్లాలే. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, కానీ కండరాలను నిజంగా దెబ్బతీసేది దిగడం. ప్రతి అడుగులోనూ తొడ ముందు కండరం సాగుతూనే బరువును ఆపాలి. మర్నాడు మెట్లు దిగలేకపోవడం అందుకే. వెళ్లే ముందు నెలరోజులు వారానికోసారి ఫ్లైఓవరు ఎక్కి దిగడం సాధన చేయాలి. హైదరాబాద్‌లో చేతి గడియారంలో వేగం తగ్గినట్టు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు.

శిక్షణను చెడగొట్టేది పందెం కాదు, పందెం తర్వాతి వారం. న్యూజిలాండ్ పరుగువీరుడు జాక్ ఫోస్టర్ 1974 కామన్‌వెల్త్ క్రీడల్లో, 41 ఏళ్ల వయసులో, మారథాన్‌ను 2 గంటల 11 నిమిషాల 19 సెకన్లలో ముగించి వెండి పతకం గెలిచాడు. గట్టిగా పరుగెత్తిన ప్రతి మైలుకూ ఒక తేలికపాటి రోజు అన్న లెక్క ఆయన పేరుతోనే ప్రచారంలో ఉంది. ఆ లెక్కన 10కె తర్వాత ఆరు రోజులు, హాఫ్ తర్వాత పదమూడు రోజులు కాళ్లకు ఊరట కావాలి. నలభై దాటినవారు దీన్ని అక్షరాలా పాటించడం మేలు. ఆదివారం పందెం, మళ్లీ మంగళవారం 25 కిలోమీటర్లు అనుకునేవారే మోకాలి కింద ఎముక నొప్పితో ఆసుపత్రికి వస్తారు. నొప్పి ఒకేచోట, వేలితో చూపించగలిగేలా ఉండి, విశ్రాంతిలోనూ వదలకపోతే ఎముకలో సన్నని పగులు ఉండవచ్చు. వెంటనే పరుగు ఆపి పరీక్ష చేయించుకోవాలి.

1952 హెల్సింకిలో ఎమిల్ జాటోపెక్ 5, 10 కిలోమీటర్ల పరుగులు గెలిచి, అదే ఒలింపిక్స్‌లో తొలిసారి మారథాన్ పరుగెత్తి స్వర్ణం సాధించాడు. అది చరిత్రలో ఆయన ఒక్కడికే సాధ్యమైంది. మిగతావారు మారథాన్‌కు ముందు చివరి మూడు వారాల్లో ఏ పందెమూ పెట్టుకోవద్దు.

ప్రశ్న: మాది కైకలూరు దగ్గర చేపల చెరువుల ఊరు. ఏలూరు రోడ్డు మీద సాధన చేస్తాను. పందెంలో నీళ్లు ఎంత తాగాలి? ముందే నొప్పి మాత్ర వేసుకోవచ్చా?

జవాబు: ఆ రోడ్డుకు రెండువైపులా కొల్లేరు నీళ్లు, చెరువులు. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట ఆరదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. సూర్యోదయం లోపే పరుగు ముగించాలి. ఉక్కపోత రోజుల్లో వేగం తగ్గించాలి. తల తిరిగి, మాట తడబడితే అది వడదెబ్బ. నడిపించకుండా నీడకు చేర్చి, చల్లని నీళ్లలో ముంచడమో, ఒళ్లంతా తడుపుతూ విసరడమో చేస్తూ 108కు ఫోన్ చేయాలి.

నీళ్లు దాహం వేసినంతే తాగాలి. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మందిని పరీక్షిస్తే 13 శాతం మంది రక్తంలో సోడియం తగ్గి కనిపించింది. అతిగా తాగి బరువు పెరిగినవారికి, నాలుగు గంటలు దాటి పరుగెత్తినవారికి ఆ ముప్పు ఎక్కువ. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువే గానీ సోడియం తక్కువ. పరుగు తర్వాత ఉప్పు వేసిన మజ్జిగ మేలు.

నొప్పి మాత్ర ముందుగా వేసుకోకూడదు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. నొప్పితో ఉన్నవారు ఆ పందెం మానుకోవాలి. నలభై దాటినవారు, బీపీ, షుగరు ఉన్నవారు, ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవారున్నవాళ్లు పేరు నమోదు చేసుకునే ముందే డాక్టరును కలిసి ఈసీజీ, అవసరమైతే ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకోవాలి. పరుగులో ఛాతీ బిగుసుకున్నా, కళ్లు చీకట్లు కమ్మినా, ముగింపు గీత పది అడుగుల దూరంలో ఉన్నా అక్కడే ఆగిపోవాలి.