విభక్తులు – ప్రిపోజిషన్లు

పిల్లలూ! కింది వాక్యాలను జాగ్రత్తగా చదవండి.

రవి నాకు బంతి విసిరాడు.
రవి నా మీదికి బంతి విసిరాడు.

రెండింటిలోనూ కర్త, కర్మ, క్రియ అవే. 'కు' పోయి 'మీదికి' వచ్చింది. అంతమాత్రానికే ఆట కాస్తా కొట్లాట అయింది! ఇంగ్లీషులోనూ ఇంతే. 'త్రూ ద బాల్ టు మి' అంటే నేను పట్టుకోవాలని విసిరాడు. 'ఎట్ మి' అంటే నాకు తగలాలని విసిరాడు. పరీక్షలో ఈ ఖాళీని ఊహించి నింపితే మార్కు పోవడమే కాదు, రవి మీద నింద కూడా పడుతుంది.

ఇలాంటి సంబంధాలను తెలుగులో విభక్తి ప్రత్యయాలు తెలుపుతాయి. చిన్నయసూరి 'బాలవ్యాకరణం'లో కారక పరిచ్ఛేదం వీటిని గురించినదే. మన ప్రత్యయాలు నామవాచకం తరువాత వస్తాయి. ఇంగ్లీషులో ముందు వస్తాయి కనుకనే వాటికి 'ప్రిపోజిషన్' అని పేరు.

అయితే మన ప్రత్యయం ఒక్కొక్కదానికి ఇంగ్లీషులో ఒక్కొక్క మాట ఉందనుకోకూడదు. చిక్కంతా ఇక్కడే ఉంది.

మేము 2015 నుండి బెంగళూరులో ఉంటున్నాము.
మేము పదేళ్ళ నుండి బెంగళూరులో ఉంటున్నాము.

మనకు రెండు చోట్లా 'నుండి' సరిపోయింది. ఇంగ్లీషులో మొదటిదానికి 'సిన్స్', రెండవదానికి 'ఫర్' కావాలి. మొదటిది ప్రారంభమైన కాలాన్ని, రెండవది గడిచిన కాలాన్ని చెబుతున్నది. దీనికి తెలుగులోనే ఒక పరీక్ష ఉంది. 'నుండి' తీసి 'గా' పెట్టి చూడండి. 'పదేళ్ళుగా ఉంటున్నాము' అనవచ్చు. అక్కడ 'ఫర్' వాడాలి. '2015గా' అనలేము, అక్కడ 'సిన్స్' వాడాలి.

మీ చుట్టూ వినిపించే కన్నడాన్ని కూడా గమనించండి. 'మైసూరినింద' అన్నా, 'పెన్నినింద' అన్నా, 'జ్వరదింద' అన్నా కన్నడలో చివర 'ఇంద' ఒక్కటే. తెలుగులో మైసూరు నుండి, పెన్నుతో, జ్వరం వల్ల అని మూడు విధాలుగా అంటాము. ఇంగ్లీషులో మైసూరుకు 'ఫ్రమ్', పెన్నుకు 'విత్' వాడతారు. ఏ భాష సర్దుబాటు దానిదే. ఇందులో ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అనేది లేదు.

ఇక 'బై', 'టిల్' అనే మాటలు. 'ఫినిష్ ద వర్క్ బై ఫైవ్' అంటే 5 గంటలలోగా పని ముగించాలి. మూడింటికే ముగిస్తే మరీ మంచిది. 'వర్క్ టిల్ ఫైవ్' అంటే 5 గంటల వరకు పని చేస్తూనే ఉండాలి. మూడింటికి లేచి వెళ్ళడానికి వీలులేదు. మనకు 'లోగా', 'వరకు' అనే మాటలు విడివిడిగా ఉన్నాయి కదా! ప్రశ్న చదవగానే వాటిని తలచుకోండి. పరీక్ష ఫీజు గడువు తెలిపే ప్రకటనలోనూ 'బై' ఉంటుంది.

'ఆన్ ద బస్' అని చూసి ఎవరో బస్సు టాపు మీద కూర్చున్నారనుకోకండి. మన పెద్దలు 'బస్సు మీద వచ్చాము' అనడం లేదా? బస్సుకు, రైలుకు 'ఆన్' అనే ఇంగ్లీషువారు కారుకు, ఆటోకు మాత్రం 'ఇన్' అంటారు. ఇవి వాడుకను బట్టి నేర్చుకోవలసినవి.

అభ్యాసం

1. 'అతడు నన్ను చూసి నవ్వాడు', 'అతడు నాతో కలిసి నవ్వాడు' – వీటిని ఇంగ్లీషులో చెప్పండి. 'ఎట్' ఎక్కడ వస్తుంది? 'విత్' ఎక్కడ వస్తుంది?
2. 'పరీక్షల గురించి చర్చించాము' అనే వాక్యాన్ని ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు 'డిస్కస్' తరువాత 'అబౌట్' రాదు. తెలుగులో 'గురించి' తీసివేసి, అదే అర్థం వచ్చేటట్లు ఈ వాక్యాన్ని రాయండి.