చదివి వినిపించాకే అంటించేవారు

రాయడం నేర్పిస్తామనే శిక్షణ తరగతులు ఇప్పుడు ఎక్కడ చూసినా కనిపిస్తున్నాయి. వాక్యం పొట్టిగా ఉండాలి, అసలు సంగతి మొదటి పేరాలోనే రావాలి అంటారు. కాదనను. కానీ అంతకంటే ముందు ఎదుటివాళ్ల మాట అంటే కాస్త భయభక్తులుండాలి. అవి నాకు మా నాన్న దగ్గర అబ్బాయి. ఆయన రచయితేం కాదు, కోనసీమలో ఒక పల్లెటూరి బ్రాంచి పోస్టుమాస్టరు.

పోస్టాఫీసంటే మా ఇంటి ముందు గదే. చదువురాని వాళ్లు సాయంత్రాలు ఉత్తరాలు రాయించుకోవడానికి వచ్చేవారు. మా వైపు నుంచి కువైట్‌కు, మస్కట్‌కు ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్లు ఎక్కువ. ఒకావిడ అరుగు మీద కూర్చుని కూతురికి రాయించేది: గేదె ఈనింది, పెయ్యదూడ. పెంకులు మార్పించాం. మీ నాన్న తాగుడు మానలేదు. నాన్న ఒక్క ముక్క కలపకుండా రాసి, ఏరోగ్రామ్ అంటించే ముందు మొత్తం చదివి వినిపించేవారు. ఓసారి తాగుడు సంగతి దగ్గరకు రాగానే ఆవిడ, "అదొద్దండీ మాస్టారూ, తీసేయండి. పిల్ల అక్కడ ఏడుస్తుంది" అంది. కొట్టివేత కనపడితే ఆ పిల్ల ఇంకా కంగారు పడుతుందని, కొత్త ఏరోగ్రామ్ తీసి మొదటి నుంచి మళ్లీ రాశారు. దాని ఖరీదు ఆయన జేబులోదే.

"ఉత్తరం ఆవిడది, చెయ్యి మాత్రమే నాది" అనేవారు. ఊళ్లో సగం ఇళ్ల గుట్టు ఆయనకు తెలుసు. అమ్మ ఎంత గుచ్చి గుచ్చి అడిగినా పెదవి విప్పేవారు కాదు. సమాచారం ఇచ్చినవాళ్ల పేరు బయటపెట్టకూడదని జర్నలిజం స్కూల్లో చెప్పినప్పుడు నాకది కొత్త పాఠంలా అనిపించలేదు.

విలేకరినయ్యాక గోదావరి వరదలప్పుడు ఒక లంక గ్రామానికి వెళ్లాను. ఒక పెద్దావిడ "ఇల్లు పోయింది బాబూ" అని ఏడ్చింది. రాసుకున్నది ఆవిడకే చదివి వినిపించాను. కళ్లు తుడుచుకుని, "పోయిందని రాయకు బాబూ, ఎనక గోడ కూలింది. రేపు నష్టం రాసుకోడానికి వచ్చినోళ్లు ఇల్లు నిలబడుంటే చూసి, అంతా అబద్ధమని ఆ గోడ డబ్బులు కూడా ఇవ్వరు" అంది. సాయం ఎలా అందుతుందో, ఎందుకు అందకుండా పోతుందో అధికారుల కంటే ఆవిడే బాగా చెప్పింది.

అందరికీ ఇలా వినిపించాలని కాదు. మంత్రికో, ఎమ్మెల్యేకో వినిపిస్తే కత్తెర వాళ్ల చేతికిచ్చినట్టే. వాళ్లు అన్నది అన్నట్టు అచ్చవ్వాలి. తన మాట రేపు ఎటు తిరుగుతుందో తెలియని మనిషికే ఈ మర్యాద. ఆలస్యమవుతోందని డెస్కు వాళ్లు విసుక్కునేవారు. విసుక్కోనీ అనుకునేవాణ్ని.

రాసే తల్లిదండ్రుల పిల్లలకే రాత వస్తుందని కొందరంటారు. కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా చందమామకు పనిచేశారు, సైన్స్ మీదా సంగీతం మీదా వ్యాసాలు రాశారు. ఆయన కొడుకు రోహిణీప్రసాద్ అణుశాస్త్రవేత్తగా ఉంటూ ఆ రెండింటి మీదా తెలుగులో విరివిగా రాశారు. అక్కడ తండ్రి పుస్తకాలూ ఉన్నాయి, ఇంట్లో ఆ వాతావరణమూ ఉంది. మా నాన్న పేరు మీద అచ్చయిన అక్షరం ఒక్కటీ లేదు. అయినా పిల్లలు మన ఉపదేశాల కంటే మన పనితీరునే ఎక్కువగా పట్టుకుంటారనడానికి నాకు ఆయన అరుగు చాలు. ఇలా రాయరా అని ఆయన నాకెప్పుడూ చెప్పలేదు.

మీరు విలేకరి కానక్కర్లేదు. ఆఫీసులో సహోద్యోగి మీద నివేదికో, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పక్కింటివాళ్ల మీద ఫిర్యాదో రాయాల్సి వస్తే, పంపే ముందు వాళ్లకే ఒకసారి చదివి వినిపించండి. ఏదైనా తీసేయమంటే వెంటనే తీసేయకండి, వెంటనే కాదనకండి. ఎందుకని అడగండి.