లిస్ట్‌లో ఒకే రీడింగ్ రెండుసార్లు ఎందుకు?

ప్రశ్న: మా మందుల ఫ్యాక్టరీలో రెండు సర్వర్లు ఒకే బ్యాచ్ ఉష్ణోగ్రతలను కాసాండ్రా డేటాబేస్‌లోని లిస్ట్ కాలమ్‌లో ఒకేసారి చేరుస్తాయి. కొన్ని రీడింగులు రెండేసి కనిపిస్తున్నాయి. ఎందుకు?
– ఒక పాఠకుడు, పటాన్‌చెరు

జవాబు: రెండు సర్వర్లు ఒకేసారి చేర్చినా విలువలు ఒకదాన్నొకటి చెరపవు, ప్రతి విలువకూ సమయం ఆధారంగా వేరే గుర్తింపు పడుతుంది. చిక్కల్లా మళ్లీ పంపడంలోనే. టైమౌట్ వచ్చినంత మాత్రాన డేటా చేరలేదని కాదు. మళ్లీ పంపితే అదే విలువ ఇంకోసారి చేరుతుంది. అలాగని మొత్తం లిస్ట్‌ను తిరగరాయకండి: తాజా టైమ్‌స్టాంప్ ఉన్నదే నిలిచి, రెండో సర్వర్ రీడింగులు పోతాయి.

లిస్ట్‌కు బదులు, బ్యాచ్ నంబరును పార్టిషన్ కీగా, సెన్సర్‌నూ కొలిచిన సమయాన్నీ క్లస్టరింగ్ కీలుగా పెట్టి, ఒక్కో రీడింగ్‌ను ఒక్కో వరుసగా (row) రాయండి. అప్పుడు ఎన్నిసార్లు పంపినా ఒక్కటే ఉంటుంది. రోగి వేసుకునే మాత్రకు ఆ రికార్డే పూచీ. అందులో తప్పు ఉండకూడదు.