ద్వీపములు, గణకములు: సందేశజాలముల సామర్థ్యవిచారణ

సందేశవాహనమును గూర్చి మాటాడునపుడు ‘వేగము’ అను ఒక్క మాటతో సరిపెట్టుట లోకమున వాడుక. కాని ఆ మాటయందు రెండు వేర్వేరు గుణములు కలిసిపోయి యున్నవి. సందేశము గమ్యము చేరుటకు పట్టు కాలము మొదటిది. దానిని ‘జాప్యము’ అనవచ్చును. ఒక సెకనులో మార్గము మోయగల సందేశరాశి రెండవది, అది ‘వాహకశక్తి’. అనేక గణకములు ఒకే పనిని పంచుకొని చేయు సమాంతరగణనమున ఈ భేదము మిక్కిలి ముఖ్యము. అండమాన్ నికోబార్ ద్వీపముల సముద్రతంత్రి దీనికి చక్కని ఉదాహరణము.

చెన్నై నుండి పోర్టుబ్లెయరునకును (2024 నుండి దీని పేరు శ్రీ విజయపురము), స్వరాజ్ ద్వీపము, లాంగ్ ఐలాండు, రంగత్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్ అను ఏడు చోట్లకును సుమారు 2,300 కిలోమీటర్ల కాంతితంత్రి సముద్రగర్భమున పఱచబడి, 2020 ఆగస్టు 10న ప్రారంభింపబడినది. అంతకుముందు ద్వీపవాసులకు ఉపగ్రహమే ప్రధానాధారము. భూస్థిర ఉపగ్రహము సుమారు 35,786 కిలోమీటర్ల ఎత్తున నుండును. సంకేతము ఎక్కి దిగుటకే ఇంచుమించు 240 మిల్లీసెకన్లు పట్టును. చెన్నై, పోర్టుబ్లెయరుల నడిమి దూరము సుమారు 1,360 కిలోమీటర్లు. గాజుతంతువునందు కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోవును గనుక ఆ దూరమునకు 7 మిల్లీసెకన్లు చాలును.

ఐనను గణకమునకు ఈ కాలము అల్పము కాదు. సెకనుకు 100 కోట్ల స్పందనలు గల గణకమునకు అంతలో 70 లక్షల స్పందనలు గడచిపోవును. వాహకశక్తిని ధనము వెచ్చించి పెంచవచ్చును. జాప్యమునకు కాంతివేగము దాటరాని హద్దు. కనుకనే చిన్న సందేశములను మాటిమాటికి పంపుకొను పని దూరగణకముల నడుమ కుంటుపడును. పెద్ద రాశిని ఒక్కమాఱు పంపు పని చక్కగా సాగును.

మూడవది జాలము యొక్క ఆకృతి. పోర్టుబ్లెయరుతో కూడ ఎనిమిది చోట్లను ఎనిమిది గణకములుగా ఊహించినచో, వాస్తవమైన తంత్రిపటముతో పనిలేకయే ఈ విషయము బోధపడును. వరుసగా కలుపుటకు ఏడు తంత్రులు చాలును. కాని ఒక కొననుండి రెండవ కొనకు ఏడు అంగలు వేయవలెను, నడుమ ఒక్కటి తెగినను జాలము రెండుగా చీలును. కొనలను కలుపు మఱియొక తంత్రి చేర్చి వలయము చేసినచో మిక్కిలి దూరము నాలుగు అంగలే. ఒక తంత్రి తెగినను ఎవ్వరును ఏకాకులు కారు. పన్నెండు తంత్రులతో ఘనాకారముగా కూర్చినచో దూరము మూడంగలకు దిగును. అన్నిటిని నడిమి చోటికే కలిపినచో ఏడు తంత్రులతో దూరము రెండంగలగును. కాని ఆ కేంద్రము చెడిన నాడు అందఱును మూగవోవుదురు.

తెలుగువారును అనేకులు స్థిరపడిన ఈ ద్వీపములలో, దూరపు వైద్యుని సలహా కొఱకు ఎదురుచూచు రోగికి ఇది శాస్త్రచర్చ మాత్రము కాదు. ‘ఎంత వేగము?’ అను ప్రశ్న చాలదు. ఎంత జాప్యము, ఎంత రాశి, ఒక తంత్రి తెగినచో ఎవరు ఒంటరియగుదురు అను మూడు ప్రశ్నలను విడివిడిగా అడుగవలెను. అట్లడుగుటకు తగిన మూడు మాటలను వేర్వేరుగా నిలుపుకొనుట తెలుగు శాస్త్రభాషకు కర్తవ్యము.