కిలిమంజారో వెళ్లే బిడ్డకు



మాదాపూర్‌లో నీతో పనిచేసేవాళ్లంతా కలిసి కిలిమంజారో పోతున్నారట. సెలవు చాలదని అయిదు రోజుల మరంగు దారి పట్టారని మీ అమ్మ చెప్పింది. తప్పకుండా వెళ్లు. మన పాకాల పిల్ల మాలావత్ పూర్ణ 2016లో ఎక్కిన కొండే అది. అయిదు రోజుల సంగతి మాత్రం మళ్లీ ఆలోచించు.

తూర్పు ఆఫ్రికాలో భూమి చీలుతున్న పట్టీ పక్కనే, లోపలి శిలాద్రవం ఉబికివచ్చి పేర్చిన కొండ అది. నిజానికి మూడు అగ్నిపర్వతాలు. వయసులో అన్నిటికన్నా పెద్దది షిరా, దాదాపు 25 లక్షల ఏళ్లది. ఎప్పుడో కుంగిపోయి పీఠభూమిగా మిగిలింది. మావెంజీని వానా మంచూ కొరికేసి రంపప్పళ్లలా చేశాయి. మీరెక్కేది కిబో. 5,895 మీటర్ల ఉహురు శిఖరం దాని బిలం అంచు మీదే ఉంది. ఆ బిలంలో ఇప్పటికీ గంధకం వాసన వేసే ఆవిరి లేస్తుంది.

లావా, బూడిద పొరలు పొరలుగా పరుచుకోవడంతో కిబో వాలు సాఫీగా ఉంటుంది. తాళ్లు అక్కర్లేదు, నడిస్తే చాలు. చిక్కంతా అక్కడే. నిటారు కొండ నిన్ను అడుగడుగునా ఆపుతుంది, ఇది ఆపదు. ఒంటికి అలవాటయ్యేలోపే కాళ్లు పైకి తీసుకుపోతాయి. శిఖరం మీద గుక్కకు అందే ఆక్సిజన్ ఇక్కడి దాంట్లో సుమారు సగమే. జిమ్‌లో గట్టిపడ్డ కుర్రాళ్లే తొందరపడి కూలబడతారు.

అందుకే ఎనిమిది రోజుల లెమోషో దారి తీసుకోండి. అది షిరా మీదుగా పోతుంది. ఆ దారిలో లావా టవర్ అనే రాతిమొద్దు వస్తుంది, పాత అగ్నిపర్వతం గొంతులో గడ్డకట్టిన శిల. సుమారు 4,600 మీటర్ల ఎత్తున్న ఆ చోటిదాకా ఎక్కి, రాత్రికి కిందికి దిగి బరాంకో అనే మకాంలో పడుకుంటారు. ఒంటికి ఎత్తు అలవాటు చేసేది అలా ఎక్కి దిగడమే. తలనొప్పి వస్తే గైడ్‌కి చెప్పు, దాచకు. అడుగులు తడబడితే శిఖరం ఎంత దగ్గరున్నా వెనక్కి దిగాలి. ఎత్తు పడకపోతే వేసుకునే మాత్రల సంగతి డాక్టరునే అడుగు.

వెళ్లేముందు బూట్లు అలవాటు కావాలంటే వికారాబాద్ అనంతగిరికి పోయి నడువు. ఆ ఎర్రమట్టి కింద నల్లరాయి దక్కన్ లావా, సుమారు 6.6 కోట్ల ఏళ్లది. అది నేల పగుళ్లలోంచి పొంగి పారింది కాబట్టి పరుపులా పరుచుకుంది, శిఖరం కాలేదు. మీ దుర్గం చెరువు గుండ్లు ఇంకా ముసలివి, సుమారు 250 కోట్ల ఏళ్లవి; అక్కడి శిలాద్రవం పైకి రాకుండా లోపలే చల్లారి గ్రానైట్ అయింది. వాటిని పేల్చే కదా మీ ఆఫీసులు కట్టింది!

మార్చి చివరి నుంచి మే దాకా అక్కడ పెద్ద వానలు. జనవరి, ఫిబ్రవరి చూసుకోండి. మేనేజర్‌ని ఇంకో మూడు రోజులు అడుగు, ఇవ్వకపోతే ప్రయాణం వచ్చే ఏటికి జరుపు.

మీ పెదనాన్న