ఉద్యోగం చేస్తూ ఆర్కిటెక్చర్ పీజీ: ఒక సుతారి మేస్త్రీ కొడుకు అడిగిన ప్రశ్న



బొంరాస్‌పేట చుట్టుపక్కల ఊళ్లలో ఎవరైనా ఇల్లు మొదలుపెడితే ముందుగా సుతారి మేస్త్రీ వస్తాడు. జాగా చూసి, దారం పట్టి, ముగ్గు పోస్తాడు. కాగితం మీద నక్షా ఉండదు. లెక్కంతా ఆయన తలలోనే. అలాంటి ఒక మేస్త్రీ కొడుకు మా దగ్గర చదువుకున్నాడు. తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక ఎండాకాలం లేచి నిలబడి అడిగాడు: "సార్, రేకుల గదిలో కూర్చుంటే చెమటలు కారుతున్నయి. మా ఇంట్ల బండల కప్పు కింద గట్ల ఎందుకు లేదు?"

ఆనాడు మేము చెప్పిన జవాబు ఇది. రేకు పలుచన. ఎండ తగలగానే కాగి, ఆ వేడిని వెంటనే కిందికి వదులుతుంది. రాతి గోడ, మట్టి పరిచిన బండల కప్పు మందం. అవి వేడిని మెల్లగా తీసుకుంటాయి, మెల్లగా వదులుతాయి. మధ్యాహ్నం చల్లగా ఉన్న ఆ ఇల్లే రాత్రి వెచ్చబడుతుంది. మన పెద్దలు ఎండాకాలం రాత్రిళ్లు వాకిట్లో మంచాలు వేసుకున్నది అందుకే. పిల్లవాడు విని కూర్చున్నాడు. ప్రశ్న మాత్రం వాడిలోనే ఉండిపోయింది.

వాడు హైదరాబాద్‌లో బి.ఆర్క్ పూర్తి చేశాడు. ఫీజుల్లో మన దాతలూ ఒక చేయి వేశారు. ఇప్పుడు మూడేళ్లుగా ఒక ఆర్కిటెక్ట్ ఆఫీసులో పని చేస్తున్నాడు. మొన్న పండక్కి వచ్చి, "సార్, ఎం.ఆర్క్ చదవాలని ఉంది. చదివితే జీతం ఆగిపోతది. అబ్బా ఇప్పుడు పరంజా ఎక్కలేకపోతున్నడు" అన్నాడు. "ఉద్యోగం ఉంది కదా బేటా, ఇంకా చదువెందుకు?" అని మా నోట వచ్చింది. వాడు తల వంచుకున్నాడు. ఆ మాట తప్పని ఇంటికి వెళ్లాక తెలిసింది. ఈ వ్యాసం ఆ తప్పును సరిదిద్దుకోవడానికే.

ఈ చదువు ఏమిటి?

ఇంజినీరు ఇల్లు పడిపోకుండా చూస్తాడు. ఆర్కిటెక్ట్ ఆ ఇంట్లో మనిషి ఎలా బతుకుతాడో చూస్తాడు: గాలి ఎటు, వెలుతురు ఎటు, ముసలివాళ్లు మెట్లెక్కగలరా, పొయ్యి పొగ ఎటు పోతుంది. మన దేశంలో ఇందుకు 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ఉంది. ఇంటర్ తర్వాత 'నాటా' గానీ, జేఈఈ మెయిన్‌లోని రెండో పేపర్ గానీ రాసి, 5 ఏళ్ల బి.ఆర్క్ చదవాలి. ఆపై కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో పేరు నమోదైతేనే 'ఆర్కిటెక్ట్' అని రాసుకోవచ్చు.

అంటే వృత్తి చేయడానికి బి.ఆర్క్ చాలు. ఎం.ఆర్క్ 2 ఏళ్లు, 4 సెమిస్టర్లు. ఒకే విషయంలో లోతుకు వెళ్లే చదువు అది: పాత కట్టడాల పరిరక్షణ, పర్యావరణానికి తగిన కట్టడం, పట్టణ రూపకల్పన వంటివి. హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం, విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ మనకు దగ్గర. రెండూ 2008లో ఏర్పడినవే. కాలేజీలో పాఠం చెప్పాలన్నా, ఒక రంగంలో నిపుణుడిగా నిలవాలన్నా ఈ చదువు అక్కరకొస్తుంది.

పని చేసినవాడు చదివితే ఏం లాభం?

మన హైదరాబాద్ చరిత్రలోనే దీనికి జవాబుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి భవనాలు కట్టాలనుకున్నప్పుడు నిజాం ప్రభుత్వం నవాబ్ జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరు నిర్మాణ నిపుణులను 1930లో విదేశాలకు పంపింది. వాళ్లు కొత్తగా పని నేర్చుకునే కుర్రాళ్లు కారు, పని తెలిసినవాళ్లు. దేశదేశాల విశ్వవిద్యాలయాలు చూసి, బెల్జియం ఆర్కిటెక్ట్ జాస్పర్‌ను ఎంచుకున్నారు. 1934లో పునాది పడిన ఆర్ట్స్ కాలేజీ 1939లో ప్రారంభమైంది. మన రాతి గుళ్ల స్తంభాలు, మన మసీదుల కమానులు ఒకే గులాబి రంగు భవనంలో కలిసి నిలిచాయి. తెలిసినవాడిని మళ్లీ నేర్చుకోమని పంపడం ఖర్చు కాదని ఆ భవనం నేటికీ చెబుతోంది.

ఇంగ్లండులో ఇదొక పద్ధతిగానే ఉంది. అక్కడ మామూలుగా మొదటి డిగ్రీ అయ్యాక ఒక ఏడాది ఆఫీసులో పని, మళ్లీ 2 ఏళ్ల పీజీ స్థాయి చదువు, మళ్లీ పని, చివరి పరీక్ష. 2015లో మొదలైన లండన్ స్కూల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో మొదటి ఏడాది విద్యార్థులు వారంలో 3 రోజులు జీతానికి పని చేస్తూ చదువుతారు. మన దగ్గర ఎం.ఆర్క్ సాధారణంగా పగటి తరగతులే. హాజరు తగ్గితే పరీక్షకు కూర్చోనివ్వరు. కాబట్టి ఇక్కడ రెంటినీ కలపడం విద్యార్థి ఓపిక మీద, యజమాని మంచితనం మీద ఆధారపడి ఉంటుంది.

పిల్లలకు నాలుగు మాటలు

మొదటిది, బి.ఆర్క్ అయ్యాక రెండు మూడేళ్లు పని చేయండి. ఏ విషయంలో లోతుకు వెళ్లాలో అప్పుడే తెలుస్తుంది. రెండోది, ఉన్న ఆఫీసును మర్యాదగా వదలండి. సెలవుల్లో, శనివారాల్లో డ్రాయింగ్ పని ఇవ్వమని ముందే అడగండి. మూడోది, ప్రవేశ పరీక్షకు ఉద్యోగంలో ఉండగానే రోజూ గంట కేటాయించండి. నాలుగోది, అన్నిటికన్నా ముఖ్యమైనది: థీసిస్ అంశం మన నేల నుంచి తీసుకోండి.

తాండూరు బండలు దేశమంతా నేలల మీద పరుచుకున్నాయి. మన ఊళ్లలో మాత్రం బండల ఇళ్లు కూలగొట్టి రేకులు వేసుకుంటున్నాం. ఆ పాత ఇళ్లు వానకు కారకుండా, ఖర్చు పెరగకుండా నేటి అవసరానికి ఎలా పనికొస్తాయో ఎవరైనా కొలిచి చెప్పాలి. ఈజిప్టులో హసన్ ఫతీ అనే ఆర్కిటెక్ట్ 1940ల్లో పేద రైతుల కోసం పచ్చి ఇటుకలతో న్యూ గూర్నా అనే ఊరు కట్టించాడు. సంప్రదాయ మేస్త్రీలనే గురువులుగా పెట్టుకున్నాడు. 1980లో ఆగా ఖాన్ ఆర్కిటెక్చర్ అవార్డులవారు ఆయన్ను ప్రత్యేకంగా గౌరవించారు. మా విద్యార్థి అడిగిందీ అదే పని. తొమ్మిదో తరగతి నాటి ప్రశ్నకు వాడు థర్మామీటర్ పట్టుకుని జవాబు వెతకాలనుకుంటున్నాడు. గురువు ఇంట్లోనే ఉన్నాడు, వాళ్ల అబ్బా.

దాతలతో ఒక మాట

ఫీజు అందరికీ కనిపిస్తుంది. రసీదు ఉంటుంది, దాత ధైర్యంగా ఇస్తాడు. ఆగిపోయిన జీతానికి రసీదు ఉండదు. ఇరవై ఆరేళ్ల కొడుకు చదువుకు వెళ్తే ఇంట్లో బియ్యం, మందులు, చెల్లెలి చదువు ఆగే చోటు అదే. మన వంటి సంస్థల సాయం ఎక్కువగా మొదటి డిగ్రీ దగ్గరే నిలిచిపోతుంది. వాడు సంపాదిస్తున్నాడు కదా అనుకుంటాం. మేమూ అలాగే అనుకున్నాం.

అందుకే మా విన్నపం: పని చేస్తూ పైచదువుకు వెళ్లే పిల్లల కోసం కర్జె హసనా నిధి ఒకటి విడిగా పెట్టండి. వడ్డీ లేని అప్పుగా నెలనెలా ఇంటి ఖర్చుకు ఇవ్వండి. చదువయ్యాక ఉద్యోగంలో చేరి తిరిగి కడతాడు, ఆ డబ్బు ఇంకొకరికి వెళ్తుంది. వీళ్లు చేతికి పని వచ్చినవాళ్లు, తీర్చగలరు. ఉచితంగా ఇచ్చే డబ్బును పది, ఇంటర్ చదివే అనాథ పిల్లలకు అలాగే ఉంచుకోవచ్చు.

ప్రవేశాల సమయం దగ్గర పడింది. మా విద్యార్థి ఇంకా ఏమీ తేల్చుకోలేదు. మేము వాడికి మళ్లీ ఫోన్ చేసి, "ఆనాడు తొందరపడి అన్నాం బేటా, దరఖాస్తు పెట్టు" అని చెప్పాం. "ఇల్లు ఎట్ల సార్?" అన్నాడు. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు మా దగ్గర లేదు. మీ దగ్గర ఉంది.